మరుగు, గుర్తింపు: సైనిక కామోఫ్లాజ్ దుస్తుల నమూనాల చరిత్ర

వ్యాససంగ్రహం

సైనికుడి దుస్తులు శత్రువు చూపు నుంచి అతణ్ని దాచాలి. అదే సమయంలో అతడు ఏ సేనకు చెందినవాడో తోటివారికి తెలపాలి. పరస్పర విరుద్ధమైన ఈ రెండు ప్రయోజనాల మధ్య జరిగిన పెనుగులాటగా కామోఫ్లాజ్ దుస్తుల పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పంతొమ్మిదో శతాబ్ది ఖాకీ నుంచి 2022లో భారత సైన్యం నమోదు చేయించుకున్న కొత్త డిజైన్ వరకు ప్రధాన ఘట్టాలను చర్చిస్తూ, నమూనాల ఎంపికలో దృష్టిశాస్త్రంతో పాటు సంస్థాగత గుర్తింపు నిర్వహించిన పాత్రను నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: కామోఫ్లాజ్, ఖాకీ, సైనిక దుస్తులు, అద్దకం, దృశ్యభంగం, డిజిటల్ నమూనా.

1. ఉపోద్ఘాతం

సైనికుడి దుస్తుల విషయంలో అంతర్జాతీయ యుద్ధ నియమాలు రెండు మాటలు చెబుతాయి. సైన్యంతో పాటు పోరాడే స్వచ్ఛంద దళాలవారిని యోధులుగా పరిగణించాలంటే, దూరం నుంచి గుర్తుపట్టడానికి వీలైన స్థిరమైన చిహ్నం ధరించాలని 1907 నాటి హేగ్ నియమావళి నిర్దేశించింది. శత్రుసేన దుస్తులను అక్రమంగా వాడుకోవడాన్ని నిషేధించింది. మరోవైపు 1977 నాటి జెనీవా మొదటి అదనపు ప్రోటోకాల్ అనుమతించదగిన యుద్ధ తంత్రాలకు ఉదాహరణలిస్తూ అందులో కామోఫ్లాజ్‌ను పేర్కొంది. అంటే సైనికుడు చెట్టులా కనిపించవచ్చు, రాయిలా కనిపించవచ్చు. శత్రుసైనికుడిలా కనిపిస్తూ దాడి చేయరాదు. ప్రకృతిలో కలిసిపోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఎదుటి మనిషిలో కలిసిపోవడానికి ఒప్పుకోదు.

కామోఫ్లాజ్ దుస్తుల చరిత్ర రాసినవారిలో చాలామంది దానిని నానాటికీ మెరుగైన ఒక సాంకేతిక ప్రయాణంగా చిత్రించారు: ఎర్రకోటు నుంచి ఖాకీకి, ఖాకీ నుంచి మచ్చల గుడ్డకు, మచ్చల నుంచి గడులకు. ఆ కథనం సగమే నిజం. దాచే శక్తి తక్కువని తెలిసిన నమూనాలు ఏళ్ల తరబడి నిలిచాయి. బాగా దాచే నమూనాలు వెనక్కి వెళ్లాయి. ఈ వైపరీత్యానికి కారణం దృష్టిశాస్త్రంలో కంటే, ఒక సేన తనను తాను ఎలా చూసుకోవాలనుకుంటుందో, ఎవరికి ఎలా కనబడాలనుకుంటుందో అన్నదానిలో ఎక్కువగా దొరుకుతుంది. సౌలభ్యం కోసం కామోఫ్లాజ్ అచ్చు వేసిన గుడ్డల తీరును ఈ వ్యాసంలో ‘మరుగు నమూనా’ అని వ్యవహరించడమైంది.

2. ధూళి రంగు

పద్దెనిమిదో శతాబ్దిలోనూ, పంతొమ్మిదో శతాబ్ది ప్రథమార్ధంలోనూ ఐరోపా సేనలు కొట్టొచ్చినట్టు కనిపించే రంగులు ధరించడం వెనుక ఒక తర్కం ఉంది. నాటి తుపాకిమందు పేలితే దట్టమైన పొగ కమ్మేది. ఆ పొగలో ఏ పటాలం ఎక్కడుందో సేనానికి తెలియాలంటే దుస్తులు మెరవాల్సిందే. పైగా నాటి తుపాకుల గురి కొద్ది దూరానికే పరిమితం. 1880ల్లో పొగరాని మందు వాడుకలోకి వచ్చి, తుపాకి గురి దూరం పెరిగాక ఈ తర్కం తలకిందులైంది. కాల్చేవాడు ఎక్కడున్నాడో ఎదుటివారికి తెలియదు. కాల్పులకు గురయ్యేవాడు మాత్రం అర కోసు దూరం నుంచే కనిపిస్తాడు.

అయితే మార్పు మొదలైంది అంతకంటే ముందే, అదీ భారత ఉపఖండపు వాయవ్య సరిహద్దులో. 1846లో హ్యారీ లమ్స్‌డెన్ పెషావర్‌లో గైడ్స్ దళాన్ని నెలకొల్పాడు. కొద్దికాలానికే ఆ దళానికి స్థానికంగా దొరికే ముతక నూలు గుడ్డకు మట్టి రంగు అద్దించి తొడిగించారు. ధూళి నిండిన నేలలో తమ మనుషులు కంటికి ఆనకూడదన్నది లమ్స్‌డెన్ సహచరుడు విలియం హాడ్సన్ ఆలోచన. 1857లో ఢిల్లీలో బహదూర్ షా జఫర్‌ను బంధించిన హాడ్సన్ ఇతడే. ఆ సంవత్సరమే అనేక బ్రిటిష్ పటాలాలు తమ తెల్లని వేసవి దుస్తులను టీ నీళ్లలో, సిరాలో, బురదలో, చేతికి దొరికినదానిలో ముంచి రంగు మార్చుకున్నాయి. ఒక పటాలం రంగు మరో పటాలం రంగుతో కలిసేది కాదు. ఒకే పటాలంలో ఇద్దరి రంగు కలిస్తే అదే గొప్ప. ఉతుకుకు, ఎండకు నిలిచే ఖాకీ అద్దకం 1880ల్లో లాంకషైర్‌లో రూపొందాక గాని ఈ రంగు ఒక సామ్రాజ్యపు సేనంతటికీ ఒకే తీరుగా అందలేదు. దక్షిణాఫ్రికాలో 1899–1902 మధ్య బోయర్లతో జరిగిన యుద్ధం ఖాకీని స్థిరపరచింది. 1902లో బ్రిటన్ దానిని స్వదేశంలోని సేనలకూ విధుల దుస్తుల రంగుగా స్వీకరించింది.

‘ఖాక్’ అంటే పారశీకంలో ధూళి, మన్ను. ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన ఈ మాట అర్థపరిణామం గమనించదగినది. కనబడకుండా ఉండటం కోసం పుట్టిన రంగు తెలుగు పత్రికల్లో ‘ఖాకీలు’ అనే బహువచన రూపంలో పోలీసులకు పర్యాయపదమైంది. ‘ఖద్దరు’ రాజకీయ నాయకత్వానికి, ‘ఖాకీ’ అధికార బలానికి సంకేతాలుగా పక్కపక్కన నిలబడతాయి. వీధి మొగలో ఖాకీ చొక్కా కనిపిస్తే బండి వేగం తగ్గుతుంది. మరుగు కోసం తొడిగిన రంగు ఒక తరం గడిచేసరికి ఉనికిని చాటే రంగుగా మారడమనే క్రమం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

3. ఎర్ర లాగు, జర్మన్ రంగు

బ్రిటన్, జర్మనీ మట్టి రంగులకు, బూడిద రంగులకు మారిపోయిన తర్వాత కూడా ఫ్రెంచి పదాతిదళం ఎర్ర లాగులతోనే మిగిలింది. యుద్ధశాఖ మంత్రి అదోల్ఫ్ మెసిమీ 1911 ప్రాంతంలో ఆకుపచ్చ–బూడిద ఛాయ దుస్తులను ప్రవేశపెట్టబోతే పత్రికలు, పార్లమెంటు సభ్యులు తిరగబడ్డారు. ఎర్ర లాగు సాక్షాత్తు ఫ్రాన్సేనన్నట్టుగా మాజీ మంత్రి యూజెన్ ఎతియెన్ వాదించాడు. వ్యతిరేకించినవారు మూర్ఖులని తేల్చడం తేలిక. వారి భయం వేరు: సైనికుడు దాక్కోవడం నేర్చుకుంటే ముందుకు దూకడం మరచిపోతాడని, రంగు పోతే సేన పొగరు పోతుందని.

ఈ ఎరుపు వెనుక ఒక వింత దాగి ఉంది. 1829లో ఫ్రెంచి పదాతిదళానికి ఎర్ర లాగులు నిర్ణయించినప్పుడు ఫ్రాన్సులో మంజిష్ఠ జాతి మొక్క సాగును ప్రోత్సహించడం కూడా ఒక ఉద్దేశం. ఆ వేరులోని ఎర్ర రంజకం అలిజరిన్. కోరమాండల్ తీరంలో మచిలీపట్నం అద్దకందారులు కలంకారీ ఎరుపు కోసం వాడిన చిరివేరులో ఉన్నదీ అదే. 1868లో జర్మన్ రసాయనవేత్తలు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేయడంతో వేరు సాగు కుప్పకూలింది. అర్ధశతాబ్ది తిరిగేసరికి ఫ్రాన్సు ఆత్మగా కీర్తించిన ఎరుపు జర్మనీ కర్మాగారాల నుంచి దిగుమతి అవుతోంది! 1914 జులైలో ఎట్టకేలకు కొత్త గుడ్డకు ఆమోదం లభించింది. నీలం, తెలుపు, ఎరుపు దారాలు కలిపి నేయాలన్నది సంకల్పం. ఆగస్టులో యుద్ధం రావడంతో జర్మన్ రంజకం ఆగిపోయింది. ఎరుపు దారం తీసేయగా మిగిలిన నీలి ఛాయే ‘దిగంత నీలం’గా ప్రసిద్ధికెక్కింది.

ఆ గుడ్డ సైనికులకు చేరేలోపే 1914 ఆగస్టు 22 వచ్చింది. ఆ ఒక్కరోజులో సుమారు 27,000 మంది ఫ్రెంచి సైనికులు మరణించారు. ఈ మరణాలను ఎర్ర లాగుల ఖాతాలో వేయడం జనప్రియ చరిత్రల్లో పరిపాటి అయింది గాని, ఆరుబయట బారులు తీరి నడిచే పదాతిదళాన్ని మరతుపాకులు, ఫిరంగులు ఏ రంగు దుస్తుల్లో ఉన్నా కోసేసేవి. ఎర్ర లాగును, ఆ యుద్ధరీతిని నిలబెట్టింది మాత్రం ఒకే ఆలోచన: సైనికుడు కనబడాలి.

4. చిత్రకారుల ఊసరవెల్లి

మరుగు నమూనాలకు సైద్ధాంతిక పునాది సైనికుల నుంచి రాలేదు. అమెరికన్ చిత్రకారుడు అబట్ థేయర్ 1896లో ఒక పక్షిశాస్త్ర పత్రికలో ప్రకటించిన వ్యాసంలో, జంతువుల వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉండటానికి కారణం చూపాడు. పైనుంచి పడే వెలుగు వీపును ప్రకాశింపజేస్తుంది, పొట్టపై నీడ పడుతుంది; ముదురు–లేత రంగులు ఈ తేడాను సరిచేసి, గుండ్రని దేహాన్ని చదునుగా భ్రమింపజేస్తాయి. 1909లో కుమారుడు జెరాల్డ్ పేరుతో వెలువడిన గ్రంథంలో థేయర్ తన సిద్ధాంతాన్ని ప్రాణికోటి అంతటికీ వర్తింపజేయబోయాడు. ఫ్లెమింగో గులాబీ రంగు కూడా ఉదయాస్తమయాల ఆకాశంలో కలిసిపోవడానికేనన్నాడు. వేటలో అనుభవం గల మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ అతివ్యాప్తిని తీవ్రంగా ఖండించాడు. రూజ్‌వెల్ట్ అభ్యంతరం సబబే. అయినా థేయర్ గుర్తించిన రెండు సూత్రాలు తర్వాతి వందేళ్ల నమూనాలన్నిటికీ ఆధారమయ్యాయి.

వాటిలో మొదటిది నేపథ్యంతో కలిసిపోవడం. ఎండుగడ్డిలో కౌజుపిట్ట చేసే పని అది. రెండవది దృశ్యభంగం. ఆకుల మధ్య నుంచి పడే ఎండపొడలో చిరుతపులి ఒంటి మచ్చలు దేహపు అంచును ముక్కలు చేస్తాయి. కంటికి మచ్చలు కనిపిస్తూనే ఉంటాయి, పులి కనిపించదు. ఆకృతిని గుర్తించడానికి కన్ను వెదికేది రంగును కాదు, అంచును. ఖాకీ మొదటి సూత్రానికి చెందితే, మచ్చల గుడ్డలన్నీ రెండోదానికి చెందుతాయి. బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త హ్యూ కాట్ 1940లో ప్రకటించిన బృహద్గ్రంథం దీన్ని శాస్త్రీయంగా క్రోడీకరించింది. రెండో ప్రపంచయుద్ధంలో కాట్ స్వయంగా మధ్యప్రాచ్యంలో సైనికులకు ఈ విద్య నేర్పాడు.

ఈ సూత్రాలు యుద్ధరంగానికి మొదట చేరింది ఫ్రాన్సులో. చిత్రకారుడు గిరాన్ ద సెవొలా ఆధ్వర్యంలో 1915లో కామోఫ్లాజ్ విభాగం ఏర్పడింది. రంగస్థల తెరలు గీసేవారు, శిల్పులు, చిత్రకారులు అందులో చేరి ఫిరంగులకు మచ్చలు వేశారు, లోపల మనిషి కూర్చుని చూడగల బూటకపు చెట్లు నిలబెట్టారు. పారిస్ వీధిలో రంగులు పూసిన ఫిరంగిని చూసి, ఇది తమ సృష్టేనని పికాసో అన్నట్టు గెర్‌ట్రూడ్ స్టెయిన్ రాసింది. విభాగపు చిహ్నం ఊసరవెల్లి. తెలుగులో ఆ ప్రాణి పేరు ఎత్తితే మొదట గుర్తొచ్చేది పార్టీ ఫిరాయించే నాయకుడు. ఆ చిత్రకారులకు అది గర్వంగా ధరించే బిళ్ల.

అయితే ఇంత శ్రమా ఫిరంగులకు, పరిశీలక స్థావరాలకు పరిమితమైంది. గురికాళ్లు కొందరు చేత్తో రంగులద్దిన అంగరఖాలు తొడిగినా, లక్షలాది సాధారణ సైనికులు ఒకే రంగు గుడ్డలోనే నాలుగేళ్లు పోరాడారు. థేయర్ బ్రిటన్ సేనాధికారులను ఒప్పించడానికి చేసిన యత్నాలు ఫలించలేదు.

5. డేరా గుడ్డ నుంచి ఒంటి మీదికి

పెద్దయెత్తున అచ్చు వేసిన తొలి సైనిక మరుగు నమూనా ఇటలీది, కాలం 1929. అది చొక్కా కోసం పుట్టలేదు. సైనికుడు వెంట మోసుకెళ్లే డేరా గుడ్డ మీద ఆకుపచ్చ, గోధుమ, కాషాయ ఛాయల మేఘాకారాలు అచ్చు వేశారు. అవసరమైతే అదే గుడ్డను మెడకు తగిలించుకునేవారు. జర్మనీలో 1931లో వచ్చిన ‘పెంకు నమూనా’ కూడా మొదట డేరా గుడ్డే: పగిలిన గాజుపెంకుల్లాంటి కోణాకార మచ్చలు, వాటి మీద వానచినుకుల్లాంటి సన్నని గీతలు. ఫిరంగిని, డేరాను దాచినట్టే సైనికుణ్నీ ఒక వస్తువుగా దాచవచ్చన్న ఆలోచన ఇలా గుడ్డ ద్వారానే ఒంటి మీదికి పాకింది. ఇటలీ నమూనా చిన్నచిన్న మార్పులతో 1990ల ఆరంభం వరకు వాడుకలో ఉండటం విశేషం.

జర్మనీలో నాజీ పార్టీ సాయుధ విభాగమైన వాఫెన్ ఎస్‌ఎస్ ఈ దారిలో అందరికంటే ముందు నడిచింది. చిత్రకళాచార్యుడు ఒట్టో షిక్ రూపొందించిన నమూనాలతో, ఒకవైపు వసంతపు పచ్చదనం, తిరగేస్తే శరదృతువు గోధుమవన్నె గల అంగరఖాలను తమ దళాలకు తొడిగింది. దీని పర్యవసానం జర్మనీకి వెలుపల కనిపించింది.

అమెరికాలో ఉద్యానశాస్త్రజ్ఞుడూ తోటపని శీర్షికల సంపాదకుడూ అయిన నార్వెల్ గిలెస్పీ ‘కప్పచర్మం’ అనే పేరుతో ప్రసిద్ధమైన మచ్చల నమూనాను రూపొందించాడు. 1942లో పసిఫిక్ అడవుల కోసం జనరల్ మెకార్థర్ లక్షన్నర జతలు కోరాడు. పొంచి ఉన్నవాడిని అది బాగానే దాచింది. మనిషి కదిలితే మాత్రం ఆ మచ్చలే పట్టిచ్చాయి. నిశ్చలమైన ఆకుల మధ్య కదిలే మచ్చల గుంపును కన్ను ఇట్టే పసిగడుతుంది. అమెరికన్ పదాతిదళం మళ్లీ ఒకే రంగు ఆకుపచ్చకు మళ్లింది. మరుగు నమూనాలన్నీ నిలబడి ఉన్న మనిషికి గీసినవే గాని నడిచే మనిషికి కావన్న ఈ పాఠానికి నేటికీ సరైన సమాధానం లేదు.

1944 వేసవిలో నార్మండీలో పోరాడుతున్న అమెరికన్ రెండవ ఆర్మర్డ్ డివిజన్‌లో కొన్ని దళాలకు ఈ మచ్చల దుస్తులు ఇచ్చారు. అక్కడి పొదల మధ్య అవి నప్పాయి కూడా. కానీ ఐరోపాలో మచ్చల గుడ్డ కనిపిస్తే అమెరికన్ సైనికుడి మనసులో మెదిలేది వాఫెన్ ఎస్‌ఎస్. సొంతవారే శత్రువులనుకుని కాల్పులు జరపడంతో ఆ దుస్తులను ఉపసంహరించారు. ఇక్కడ నమూనా దాచడంలో విఫలం కాలేదు, గుర్తింపులో విఫలమైంది. ఈ ఒక్క ఉదంతం కామోఫ్లాజ్ చరిత్రను సరళరేఖగా గీసే కథనాలన్నిటికీ అడ్డుగా నిలుస్తుంది.

6. గంజి, ఇస్త్రీ, పరారుణ కాంతి

యుద్ధానంతర దశాబ్దాల నమూనాలు అనేకం: బ్రిటన్ ఛత్రీసైనికుల డెనిసన్ అంగరఖా సంతతి, ఫ్రెంచి ‘బల్లి’ చారలు, వాటి ప్రభావంతో వియత్నాంలో పుట్టిన పులిచారలు. అమెరికా సైనిక ఇంజినీర్ల ప్రయోగశాల 1948లో తయారుచేసిన ఆకు మచ్చల నమూనా రెండు దశాబ్దాలు మూలన పడి, వియత్నాం యుద్ధంలో బయటికొచ్చింది. ఆ మచ్చలను పెద్దవి చేసి 1981లో ‘ఉడ్‌లాండ్’ పేరుతో అమెరికా తన సేనలన్నిటికీ తొడిగింది. ప్రపంచంలో అనేక దేశాలు దాన్ని అనుకరించాయి.

ఈ దశలో అసలు మార్పు మచ్చల ఆకారంలో కంటే రంజకంలో వచ్చింది. పచ్చని ఆకు కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని బలంగా పరావర్తనం చేస్తుంది. రాత్రిపూట చూపునిచ్చే పరికరాలు ఆ కాంతిని గ్రహిస్తాయి. కంటికి ఆకుపచ్చగా కనిపించే మామూలు అద్దకం ఆ పరికరంలో ఆకులకు పొంతన లేకుండా కనిపించి మనిషిని పట్టిస్తుంది. కనుక రంగు కంటికీ సరిపోవాలి, యంత్రానికీ సరిపోవాలి. ఇంత శ్రమపడి తయారుచేసిన గుడ్డకు గంజి పెట్టవద్దని సూచనలుండేవి. అయినా అమెరికన్ శిబిరాల్లో సైనికులు ఉడ్‌లాండ్ దుస్తులకు గంజి పెట్టి, కత్తి అంచులా ఇస్త్రీ చేసేవారు. తనిఖీకి వచ్చే అధికారి మెచ్చేది మడత నలగని చొక్కాను. అడవి కోసం కుట్టిన గుడ్డ కవాతు మైదానం కోసం గట్టిపడింది.

7. గడుల యుగం

1970ల్లో అమెరికన్ సైన్యాధికారి, తర్వాత వెస్ట్‌పాయింట్‌లో మనస్తత్వశాస్త్రం బోధించిన టిమొతీ ఓ'నీల్ ఒక ప్రశ్న వేశాడు. దగ్గరి నుంచి దాచే చిన్న మచ్చలు దూరం నుంచి కలిసిపోయి ఒకే ముద్దగా కనిపిస్తాయి. దూరం నుంచి దాచే పెద్ద మచ్చలు దగ్గరికొస్తే కృతకంగా ఉంటాయి. రెండింటినీ ఒకే ఉపరితలం మీద ఎలా కూర్చాలి? చిన్న చతురస్రాలతో పెద్ద మచ్చలు నిర్మిస్తే దగ్గర చూపుకు ఆకుల సందడిలా, దూరపు చూపుకు నీడల గుంపులా కనిపిస్తాయన్నది అతడి సమాధానం. దాన్ని మొదట ఒక సాయుధ శకటం మీద చేత్తో గీసి పరీక్షించాడు. ఇందులో కంప్యూటర్ తెరకు సంబంధించినదేమీ లేదు. ‘డిజిటల్’ అన్న పేరు చూసి, చతురస్రాలే మహిమ చేస్తాయని తర్వాత అనేక దేశాలు భ్రమపడ్డాయి. మహిమ పరిమాణాల పొందికలో ఉంది, గడిలో లేదు.

ఈ ఊహను దుస్తులకు తొలుత వర్తింపజేసింది కెనడా. 1990ల్లో రూపొందించి కొత్త శతాబ్ది ఆరంభంలో సేనకు అందించింది. అమెరికన్ మెరీన్లు ఆ మార్గంలో 2002లో తమ నమూనాను ప్రవేశపెట్టారు. మచ్చల మధ్య తమ సంస్థ చిహ్నమైన గద్ద, భూగోళం, లంగరు బొమ్మను సూక్ష్మంగా ఇమిడ్చారు. నమూనాపై పేటెంటు తీసుకున్నారు. కంటికి కనిపించకూడని గుడ్డ మీద యాజమాన్య ముద్ర వేయడంలోని వైరుధ్యం వారికి వైరుధ్యంగా తోచలేదు. మెరీను ఎక్కడున్నా మెరీనుగా తెలియాలన్నది వారి లక్ష్యాల్లో ఒకటి.

తర్వాతి అధ్యాయం ఆ గర్వానికి అసూయాఫలం. అమెరికన్ సైన్యం 2004లో సార్వత్రిక నమూనాగా ప్రకటించిన దుస్తుల్లో నలుపు లేదు. లేత బూడిద, ఇసుక, వెలిసిన ఆకుపచ్చ ఛాయలు మాత్రమే ఉన్నాయి. అడవికీ, ఎడారికీ, నగరానికీ ఒకే గుడ్డ సరిపోతుందన్నది వాదం. అంతకుముందు జరిపిన క్షేత్రపరీక్షల్లో ముందంజలో నిలిచిన నమూనా ఇది కాదు. రంగుల మధ్య వెలుగునీడల వ్యత్యాసం తక్కువ కావడంతో కొద్ది దూరం నుంచే గడులన్నీ కలిసి ఒకే పాలిపోయిన ముద్దగా కనిపించేవి. దృశ్యభంగం కోసం వేసిన నమూనా చివరికి ఏకవర్ణ దుస్తుల పనిచేసింది, అదీ ఏ నేలకూ నప్పని వర్ణంతో. అఫ్గానిస్తాన్‌లోని సైనికుల ఫిర్యాదులు అమెరికన్ కాంగ్రెసును చేరి, 2010లో అక్కడి దళాలకు గడులు లేని, ఒక ఛాయ మరోదానిలోకి మెల్లగా కరిగిపోయే ‘మల్టీకామ్’ నమూనా ఇచ్చారు. 2015 నుంచి అదే కుటుంబానికి చెందిన మరో నమూనా సైన్యమంతటికీ వచ్చింది. 2019 అక్టోబరు నుంచి పాతది ధరించడం నిషిద్ధం.

ఈలోగా వైమానిక దళం పులిచారల గడులు, నౌకాదళం నీలి గడులు తొడుక్కున్నాయి. నీలి గడుల దుస్తులు ఓడ మీద నుంచి పడిపోయిన నావికుణ్ని తప్ప దేన్నీ దాచవని నావికులే ఛలోక్తులు విసిరారు. ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2012 నివేదిక ప్రకారం, 2002కు ముందు రెండు కామోఫ్లాజ్ నమూనాలతో సరిపెట్టుకున్న అమెరికా సేనలు తర్వాతి పదేళ్లలో ఏడు కొత్త నమూనాలు తయారుచేసుకున్నాయి. శత్రువు ఒక్కడే, నేల ఒక్కటే. నమూనాలు మాత్రం శాఖల సంఖ్యకు తగ్గట్టు పెరిగాయి. మరుగు కోసం ఎవరూ ఇన్ని నమూనాలు కోరరు, గుర్తింపు కోసమే కోరతారు.

అఫ్గాన్ జాతీయ సేన విషయంలో ఇదే ధోరణి విషాదహాస్యంగా పరిణమించింది. 2007లో ఆ దేశ రక్షణమంత్రి ఒక ప్రైవేటు సంస్థ వెబ్‌సైటులో చూసి మెచ్చిన అడవి నమూనాను సేనకు నిర్ణయించారు. అఫ్గానిస్తాన్ భూభాగంలో అడవి 2.1 శాతమేనని, సంస్థకు హక్కులున్న ఆ నమూనా వల్ల పదేళ్లలో 2.8 కోట్ల డాలర్ల వరకు అనవసరపు ఖర్చు జరిగి ఉండవచ్చని అఫ్గాన్ పునర్నిర్మాణంపై అమెరికా ప్రత్యేక తనిఖీ అధికారి 2017లో తేల్చారు. డబ్బు అమెరికాది. ఈ నివేదిక చదివి నవ్వినవారు చాలామంది ఉన్నారు. అయితే కొత్తగా నిలదొక్కుకుంటున్న సేన తనకంటూ ఒక రూపం కోరుకోవడం అసహజం కాదు. అప్పటికి సంపన్న సేనలు చేస్తున్న పనీ అదే. వారిని ఎవరూ అడవి శాతం అడగలేదు.

8. భారత సైన్యం: బజారు, చట్టం

భారతదేశంలో ఈ సమస్య మరో రూపంలో ముందుకొచ్చింది. కంటోన్మెంటు పట్టణాల్లోనే కాక ఎక్కడి బజారులోనైనా మచ్చల ప్యాంటు, టోపీ దొరుకుతాయి. యువకులకు అది ఫ్యాషను; అడవి పనులకు, కాపలా ఉద్యోగాలకు గట్టి గుడ్డ. తెలుగు జిల్లాల వార్తలు చదివేవారికి దుస్తుల రంగే వర్గసూచిక అన్న సంగతి కొత్త కాదు. ‘ఆలివ్ గ్రీన్ దుస్తుల్లో’ అని వార్త మొదలైతే మావోయిస్టుల ప్రస్తావన వస్తోందని పాఠకుడు గ్రహిస్తాడు. నిజానికి ఆ ఆకుపచ్చ దశాబ్దాలుగా భారత సైన్యపు రంగు కూడా. ఒకే రంగు ఎవరి ఒంటి మీద ఉందన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది గనుకనే అది ప్రమాదకరమవుతుంది.

2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరంపై దాడి చేసినవారు సైనిక దుస్తుల్లో వచ్చారు. ఆ వెంటనే, తమ దుస్తులను పోలిన బట్టలను అమ్మవద్దని వ్యాపారులకు, ధరించవద్దని పౌరులకు సైన్యం విజ్ఞప్తి చేసింది. సైనికుడని నమ్మించే ఉద్దేశంతో అటువంటి వేషం ధరించడం భారతీయ శిక్షాస్మృతిలోని 140వ సెక్షను కింద ముందునుంచీ నేరమే. మూడు నెలల వరకు జైలు, 500 రూపాయల వరకు జరిమానా. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో జరిమానా 2,000కు పెరిగింది. బార్బడోస్, జమైకా వంటి కరీబియన్ దేశాలు ఇంకా కఠినం. అక్కడ పౌరులు, పర్యాటకులు సైతం మచ్చల గుడ్డ వేసుకోరాదు.

2022 జనవరి 15న ఢిల్లీలో సైనిక దినోత్సవ కవాతులో పారాచూట్ రెజిమెంట్ కమాండోలు కొత్త పోరాట దుస్తులతో నడిచారు. జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ సహకారంతో రూపొందిన ఈ దుస్తుల గుడ్డలో నూలు 70, పాలియెస్టర్ 30 పాళ్లు. ఆకుపచ్చ, మట్టి ఛాయలతో గడుల నమూనా వేశారు. మంచు కొండలు, ఎడారి, ఈశాన్య అడవులు అన్నీ ఉన్న దేశానికి ఒకే నమూనా సరిపోతుందా అన్నది అమెరికన్ సార్వత్రిక నమూనా అనుభవం తర్వాత తప్పక వేయవలసిన ప్రశ్న. అయితే సైన్యం తన ప్రకటనల్లో సౌకర్యం, మన్నికలతో పాటు పదే పదే చెప్పిన విషయం మరొకటి: ఈ దుస్తులు బయట దొరకవు. అందుకోసం నమూనాను పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్‌మార్కుల కార్యాలయంలో నమోదు చేయించింది. 2022 అక్టోబరు 21 నాటి అధికారిక పత్రికలో ఆ నమోదు ప్రచురితమైంది. హక్కు గడువు పదేళ్లు, మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. ఈ హక్కులకు మూలమైన 2000 నాటి డిజైన్ల చట్టం, వస్తువు మీద కేవలం కంటితో చూసి నిర్ణయించదగిన ఆకారాన్ని, నమూనాను, రంగుల కూర్పును మాత్రమే ‘డిజైన్’గా నిర్వచిస్తుంది.